తారామణి ఎడమ చెవి

ఆ ఇంట్లో అందరూ గట్టిగా మాట్లాడేవాళ్లు. నాచారం పారిశ్రామికవాడలో ఇనుప రేకుల్ని వంచే ప్రెస్సు ముందు ఏళ్ల తరబడి నిలబడ్డ సాంబయ్యకు మామూలు మాట వినపడటం ఎప్పుడో మానేసింది. అతని తల్లి వెంకటనర్సమ్మ అన్నానికి పిలవాలన్నా కేకే వేయాలి. పిల్లలిద్దరూ పుట్టినప్పటి నుంచి కేకల్లోనే పెరిగారు. టీవీ పెడితే పక్క వాటాలో వాళ్లు తమ టీవీ ఆపేసుకుని ఇక్కడి వార్తలే వినేవాళ్లు. కొత్తగా వచ్చిన చుట్టాలు లోపల ఏదో కొట్లాట నడుస్తోందనుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయిన సందర్భాలూ ఉన్నాయి.

ఆ ఇంటి కోడలు తారామణి మాత్రం చెవుల మీద బతికే మనిషి.

జనగామ దగ్గరి పల్లెలో పుట్టి, డిగ్రీ అయ్యాక సాంబయ్యను చేసుకుని నాచారం వచ్చింది. చిన్నోడు బడికి పోవడం మొదలుపెట్టాక హబ్సిగూడలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్చుకుంది. ఉప్పల్ వెళ్లే రోడ్డు మీద, ఒక ఫర్నిచర్ షాపు పైన ఉన్న ఆఫీసులో పని దొరికింది. అమెరికాలో డాక్టర్లు రోగిని చూసిన తర్వాత ఆ వివరాలన్నీ నోటితో చెప్పి రికార్డు చేస్తారు. ఆ ఫైళ్లు ఇక్కడికి వస్తాయి. హెడ్‌సెట్ తగిలించుకుని, కాలి కింద పెడల్ తొక్కుతూ విని, టైపు చేసి పంపాలి. పెడల్ తొక్కితే మాట నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. అర్థం కాని మాట దగ్గర ఖాళీ గీత పెట్టి ముందుకు పోవాలి.

తారామణి ఫైళ్లలో గీతలు చాలా తక్కువ. నోట్లో ఏదో నములుతూ చెప్పే డాక్టర్లుంటారు, కారు నడుపుతూ చెప్పేవాళ్లుంటారు, దగ్గుకుంటూ చెప్పేవాళ్లుంటారు. తారామణి కళ్లు మూసుకుని, ఆ ముక్కనే రెండుసార్లు వెనక్కి తిప్పి విని, మాట పట్టుకునేది. పక్క సీట్ల వాళ్లు కూడా "తారక్కా, గీడ ఏమంటుండో జర విను" అని పిలిచేవాళ్లు. ఇంట్లో ఆ అరుపుల మధ్య నుంచి వచ్చి హెడ్‌సెట్ పెట్టుకుంటే, ఎక్కడో సముద్రాల అవతలి మనిషి మెల్లగా చెవిలో మాట్లాడటం ఆమెకు హాయిగా ఉండేది.

రెండువేల ఏడు వేసవిలో ఒక పొద్దున, ఆ హాయి సగం తెగిపోయింది.

పొద్దుటి షిఫ్టు. చీకటితో లేచి, ఇంత టీ తాగి, షేర్ ఆటో పట్టుకుని వచ్చి కూర్చుంది. హెడ్‌సెట్ పెట్టుకుంటే మాట కుడివైపే వస్తోంది. ఎడమవైపు ఏమీ లేదు. ఏమీ లేదంటే ఏమీ లేదని కాదు, సన్నగా గుయ్ మంటూ ఒకటే మోత. ఆమె ఆశ్చర్యపోలేదు. ఆ ఆఫీసులో హెడ్‌సెట్లు చెడిపోవడం రోజూ ఉండేదే. కుర్చీ చక్రం వైరు మీదికి ఎక్కేది. లోపల రాగితీగ తెగేది. ఒకవైపు మూగబోయేది. ఆమెకే అంతకుముందు రెండుమూడుసార్లు అలా అయింది.

"జీవన్, మల్ల ఎడమది పోయిందయ్యా" అంది.

కంప్యూటర్లు చూసుకునే జీవన్ కుమార్ మేడిపల్లి నుంచి బండి మీద వచ్చేవాడు. నెమ్మదస్తుడు. తారామణిని సొంత అక్కలాగా చూసేవాడు.

"కుర్చీ ఎక్కిచ్చినవా అక్కా?" అని నవ్వుతూ వచ్చి హెడ్‌సెట్ తన తలకు పెట్టుకున్నాడు. పెడల్ తొక్కి విన్నాడు. "నాకు రెండు దిక్కుల వస్తున్నది గదా."

"నాకైతే వస్తలేదు. ఎడమ దిక్కు గుయ్ మంటున్నది."

"అయితే లూజ్ కాంటాక్టే. నేను వట్టుకుంటే వస్తది, నువ్వు వెట్టుకోంగనే పోతది." కవర్లోంచి కొత్త హెడ్‌సెట్ తీసి ఇచ్చాడు. అదీ అంతే. పిన్ను గుచ్చే చోట దుమ్ముందేమోనని గుడ్డతో తుడిచాడు. వెనక కాకుండా ముందు సాకెట్‌లో పెట్టి చూశాడు. గుయ్ మంటోందంటే ఎర్త్ సరిగా లేదేమోనని ప్లగ్గు వేరే బోర్డుకు మార్చాడు. డబ్బా మూత విప్పి సౌండ్ కార్డు పీకి ఇంకో చోట గుచ్చాడు. సాఫ్ట్‌వేరు తీసేసి మళ్లీ ఎక్కించాడు. ఒక్కోటి చేయడం, "ఇప్పుడక్కా?" అనడం. ఆమె పెట్టుకుని చూడటం, తల అడ్డంగా ఊపడం. ఈలోపు మేనేజరు రామచంద్రరావు రెండుసార్లు అద్దాల గదిలోంచి బయటికి వచ్చి చూసి పోయాడు. ఫైళ్లు అప్పటికే ఆలస్యమయ్యాయి.

చివరికి జీవన్ తెర మీద సౌండు సెట్టింగు తెరిచి, ఎడమ కుడి పాళ్లు చూపించే గుర్తును మొత్తం కుడివైపు చివరకు జరిపాడు. సౌండు బాగా పెంచాడు.

"అంత కుడి దిక్కే వస్తది ఇగ. ఎట్లున్నది?"

మాట ఖంగుమంది. "ఆఁ, ఇప్పుడు మంచిగొస్తున్నది" అంది తారామణి.

"పని నడిపియ్యక్కా. పుర్సత్ దొరికితే సిస్టమే మార్చి ఇస్త."

ఇన్ని చేశారు గానీ, హెడ్‌సెట్‌ను తిప్పి, కుడిది ఎడమకు పెట్టుకుని చూడాలన్న ఆలోచన ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. ఎడమది ఎడమకు, కుడిది కుడికి. చెప్పులు తొడుక్కున్నంత అలవాటది. ఎవరూ ఆలోచించి చేసే పని కాదు.

ఆటోలో ఇంటికి వెళ్తున్నప్పుడు కూడా చెవిలో ఆ మోత ఉంది. పొద్దంతా విన్నందుకు ఇంకా మిగిలి ఉందనుకుంది. రెండు రోజులు లేచి నిలబడితే తల తిరిగినట్టయింది. ఎండలు మండిపోతున్నాయి, ఎవరికి తిరగడం లేదు అనుకుంది. ఇంట్లో సరేసరి. వాళ్లు అరిచే అరుపులకు ఒక చెవి చాలు. ఫోను ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకునేది. అలా రోజులు పోయాయి. జీవన్ అటువైపు వచ్చినప్పుడల్లా అడిగేవాడు. ఆమె "మంచిగున్నది తమ్మి" అనేది. సిస్టమ్ మార్చే పుర్సత్ అతనికి దొరకలేదు, ఆమె కూడా గుర్తు చేయలేదు.

అప్పటికి నెల దాటి ఉంటుంది. ఒకరోజు ఆమె వాటాకు చెవి డాక్టరు ఫైలు ఒకటి వచ్చింది. పెద్దాయన గొంతు. నిదానంగా, ప్రతి మాటా విడగొట్టి చెప్పే మనిషి. ఇలాంటి ఫైలు వస్తే ఆమెకు పండగే.

రోగికి యాభై దాటాయి, అన్నాడు డాక్టరు. ఒకనాడు పొద్దున లేచి ఫోను చెవికి పెట్టుకుంటే మాట వినపడలేదు. ఫోను చెడిపోయిందనుకున్నాడు. రిపేరుకు ఇచ్చాడు. తర్వాత కొత్తది కొన్నాడు. చెవిలో మోత ఉంది. మొదట్లో కొంచెం తల తిరిగింది. తారామణి వేళ్లు వాటంతటవే టైపు చేసుకుపోతున్నాయి. ఇది చెవిలోని నరం ఉన్నట్టుండి దెబ్బతినడం, అన్నాడు డాక్టరు. మొదటి రోజుల్లోనే వచ్చి ఉంటే స్టెరాయిడ్ మందులతో వినికిడి కొంతైనా తిరిగి వచ్చే అవకాశం ఉండేది. ఆలస్యం చేసి వచ్చాడు. ఆ మాట రోగికి వివరంగా చెప్పాను, అన్నాడు.

ఆమె కాలు పెడల్ మీది నుంచి లేచింది.

తర్వాత హెడ్‌సెట్ తీసి, జీవితంలో మొదటిసారి తిప్పి పెట్టుకుంది. ఇన్నాళ్లూ ఖంగుమని మాట వచ్చిన వైపు ఇప్పుడు ఎడమ చెవి మీద ఉంది. పెడల్ తొక్కింది. తెర మీద ఫైలు ఎంతవరకు నడిచిందో చూపే గీత కదిలింది. డాక్టరు మాట్లాడుతున్నాడు. చెవి మీద చర్మానికి సన్నటి అదురు తెలుస్తోంది. మాట లేదు. గీత కదులుతూ కదులుతూ చివరిదాకా పోయి ఆగింది.

తారామణి హెడ్‌సెట్‌ను మళ్లీ సరిగా పెట్టుకుని, మిగిలిన నాలుగు వాక్యాలూ విని టైపు చేసి పంపింది. ఆ ఫైలులో ఒక్క ఖాళీ గీత కూడా లేదు. తర్వాత వెళ్లి రామచంద్రరావును సెలవడిగింది. పిల్లవాడికి జ్వరమని చెప్పింది.

చెవుల దవాఖానాలో ఆమెను చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి తలకు పెద్ద హెడ్‌సెట్ తగిలించారు. చేతికి బటన్ ఇచ్చి, చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కమన్నారు. కుడివైపు పిట్ట కూసినట్టు సన్నటి చప్పుళ్లు వచ్చాయి. నొక్కింది. తర్వాత ఎడమ చెవి పరీక్ష చేస్తామన్నారు. ఆమె బటన్ మీద వేలు పెట్టుకుని ఎదురుచూసింది. ఎంతకీ ఏమీ రాలేదు. అద్దం అవతల ఉన్న అమ్మాయి తలుపు తీసింది.

"ఎప్పుడు మొదలుపెడ్తరమ్మా?" అంది తారామణి.

"అయిపోయిందండీ" అంది ఆ అమ్మాయి, ఆమె కళ్లలోకి చూడకుండా.

లోపల డాక్టరమ్మ ఎన్ని రోజులైందని అడిగింది. తారామణి చెప్పింది. "ఇన్నాళ్లు ఏం చేశారమ్మా మరి?" అంది డాక్టరమ్మ. కోపంగా కాదు, బాధగానే. "హెడ్‌సెట్లు మార్చుకుంట కూసున్న మేడం" అంది తారామణి. మందులు రాసిచ్చారు. అయినా ఆశ పెట్టుకోవద్దని, రెండో చెవిని మాత్రం కాపాడుకోమని చెప్పారు. ఆమె మందులు వాడింది. తిరిగి ఏమీ రాలేదు.

దవాఖానాకు వెళ్లిన మర్నాడు ఆఫీసులో జీవన్ ఎదురుపడ్డాడు. "అక్కా, సౌండ్ ఎట్లొస్తున్నది?"

చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆ కుడివైపు జరపడం, ఆ సౌండు పెంచడం, వాటితోనే తనకు తెలియకుండా రోజులు దాటిపోయాయని. అతను మొహం అంతా నవ్వు చేసుకుని నిలబడ్డాడు. అతనికి చేతనైనదంతా చేశాడు. కారణం అదొక్కటే కాదు కూడా. జీవన్‌కు తెలిస్తే రామచంద్రరావుకు తెలుస్తుంది. ఒక చెవితో పని చేసే మనిషిని ఎవరుంచుకుంటారు? ఈ రెండింటిలో ఏది బరువైనదో ఆమెకే తెలియలేదు.

"మంచిగొస్తున్నదయ్యా" అంది.

ఇంట్లోనూ చెప్పలేదు. సాంబయ్య పని చేసే ఫ్యాక్టరీ సగం రోజులు నడవడం లేదు. ఇల్లు ఆమె ఉద్యోగం మీద నడుస్తోంది. పైగా అత్త వెంకటనర్సమ్మ కొడుకుతో అరిచి అరిచి గొంతు నొప్పి పుట్టినప్పుడల్లా, "ఇంట్ల ఒక్క చెవిటోనితోనే పానం వోతున్నది" అని విసుక్కునేది. మందుబిళ్లలు ఏమిటని అడిగితే కడుపులో మంటకు అని చెప్పింది తారామణి.

ఆ రహస్యంలో ఒక సుఖం కూడా దొరికింది ఆమెకు. పొద్దుటి షిఫ్టు దిగి మధ్యాహ్నం ఇంటికి వచ్చి పడుకునేటప్పుడు, బాగున్న కుడి చెవిని దిండుకు ఆనించి పక్కకు తిరిగితే చాలు, లోకమంతా ఆగిపోయేది. టీవీ లేదు, ప్రెస్సుల చప్పుడు లేదు, గల్లీలో బండ్ల హారన్లు లేవు. ఎడమ చెవిలోని మోత ఒక్కటే ఉండేది, అది అలవాటైపోయింది. పెళ్లయి ఆ ఇంటికి వచ్చాక అంత గాఢంగా నిద్రపోవడం అదే మొదలు. రోజూ అలాగే, కావాలనే, కుడివైపు తిరిగి పడుకునేది.

వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం సాంబయ్య బయటికి వెళ్లాడు. పిల్లలు బడిలో ఉన్నారు. వెంకటనర్సమ్మ బాత్‌రూంలో నాచు మీద కాలు జారి పడింది. తుంటి విరిగింది. లేవలేక "తారా, ఓ తారా" అని పిలిచింది. తలుపు తెరిచే ఉంది. పడుకున్న కోడలు వీపు ఆమెకు కనపడుతూనే ఉంది. పిలిచింది, అరిచింది, ఏడ్చింది, చెంబు తీసి గోడకు కొట్టింది. కోడలు కదల్లేదు.

బడి నుంచి వచ్చిన పిల్లలు కుదిపితే తారామణి లేచింది. పరుగెత్తుకు వెళ్లేసరికి ముసలమ్మ తడి బండల మీద, నోటిలో తడి లేకుండా పడి ఉంది. అరిచి అరిచి గొంతు పోయింది. కోడలి మొహం వంక చూసి ఒకే మాట అంది.

"మెల్కువొచ్చిందా?"

గుండె బలహీనంగా ఉంది, ఆపరేషన్‌కు తట్టుకోదన్నారు దవాఖానాలో. మంచం మీదే ఇంటికి తెచ్చారు. ఆ సాయంత్రం సాంబయ్య వాకిట్లో తలపట్టుకుని కూర్చున్నాడు.

"నేనంటే చెవిటోన్ని. నీకేమైంది? చెవులతోనే గద నౌకరీ జేస్తవు?"

"నాకు గూడ ఎడమ చెవి పోయింది. కుడి చెవి మీద పండుకున్న" అంది తారామణి, అతనికి వినపడేలా గట్టిగానే.

సాంబయ్య తల ఎత్తాడు. "ఇయ్యాల్నే పోయిందా?"

"ఎండకాలంల పోయింది."

"మరి రోజు నౌకరీకి ఎట్ల వోతున్నవు? గిట్ల ఎందుకంటవ్ తారా. నిద్ర వట్టింది, లేవలే అను. నేనేమన్న అంటనా?"

ఆమె మళ్లీ చెప్పలేదు. ఎలా చెప్పినా అది సాకులాగే ఉంటుంది. అదీగాక, కుడివైపు తిరిగి పడుకున్నది తనే కదా.

వెంకటనర్సమ్మ కోడలితో మాట్లాడటం మానేసింది. తారామణి దుప్పట్లు మార్చేది, ఒళ్లు తుడిచేది, అన్నం కలిపి ముద్దలు పెట్టేది. ముసలమ్మ ముద్దకు నోరు తెరిచేది గానీ మాటకు పెదవి విప్పేది కాదు. నీళ్లు కావాలన్నా పిల్లలనే అడిగేది. ఊరి నుంచి తమ్ముడు పోశయ్య చూడటానికి వస్తే, తారామణి వంట గదిలో ఉండగానే, "పిలిస్తే పలుకలే తమ్మి. కండ్ల ముంగటనే పండుకున్నది" అని చెప్పింది. పోశయ్య వెళ్తూ వెళ్తూ తారామణి వైపు చూడలేదు. టీ గ్లాసు నిండుగా అలాగే వదిలేశాడు.

ఇలా వానలు వెళ్లిపోయాయి. చలి మొదలైంది. ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరే ఉన్నారు. కరెంటు లేదు, టీవీ లేదు. తారామణి మంచం పక్కనే నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఎడమ భుజం మంచం పట్టెకు తగులుతోంది. ముసలమ్మకు గొంతు ఎండిపోయింది. పంతం గుర్తులేదో, ఇక ఓపిక లేదో, "తారా, ఇన్ని నీళ్లియ్యి" అంది. గొంతు అప్పటికే గుసగుసలా సన్నబడింది. తారామణి చిక్కుడుకాయ విరిచి గిన్నెలో వేసింది. ముసలమ్మ మళ్లీ పిలిచింది. కోడలు ఇంకొకటి విరిచింది. చెయ్యి చాపితే అందేంత దూరంలో, కోపం లేకుండా, దాపరికం లేకుండా ఉంది ఆ మొహం. ముసలమ్మ పిలవడం ఆపింది. మెల్లగా చెయ్యి తీసి కోడలి భుజం మీద వేసింది.

తారామణి ఉలిక్కిపడి తిరిగింది. "ఏందత్తమ్మా? పిలిసినవా?"

వెంకటనర్సమ్మ భుజం మీది నుంచి చెయ్యి తీయలేదు.

"ఎన్ని దినాలాయె బిడ్డా గిట్ల?"

"ఎండకాలం సంది."

"నాకెందుకు జెప్పలే?"

"ఏమని జెప్పాలె."

"మంచంల వండుకోని నిన్ను ఎన్ని మాటలన్ననే... మెల్లగ, నీకు ఇనవడకుండ. ఎన్ని శాపనాలు వెట్టిన."

తారామణి పైటతో మొహం తుడుచుకుంది. "అవ్వి గూడ ఇనవళ్లే అత్తమ్మా" అంది. ముసలమ్మకు నవ్వు వచ్చి, ఆ కదలికకు తుంటి నొప్పి పుట్టి, ఏడుపు వచ్చింది. తారామణి నీళ్లు పట్టింది.

ఆ తర్వాత ఎవరు చూడటానికి వచ్చినా, "దాని కుడి దిక్కు కూసోర్రి, ఇటు ఇనవడదు దానికి" అని మంచం మీది నుంచే చెప్పేది వెంకటనర్సమ్మ. సాంబయ్యకు కూడా ఆమే చెప్పింది, ఉన్న కాస్త గొంతూ పెట్టి, రెండు మూడుసార్లు అరిచి. అతను విని, లేచి, బయటికి వెళ్లిపోయాడు. భార్యతో ఆ విషయం ఎన్నడూ ఎత్తలేదు. కానీ ఆ రోజు నుంచి ఆమెతో నడిచేటప్పుడు ఆమెకు వినపడని ఎడమవైపున ఉండేవాడు.

ముసలమ్మ ఆ చలి దాటలేదు. మంచం పుండ్లు పడి, జ్వరం పట్టి, ఒక తెల్లవారుజామున పోయింది. పోశయ్య దినాలకు వచ్చాడు గానీ తారామణితో మాట్లాడలేదు. తారామణికి ఎడమ చెవి వినపడదని అక్క తర్వాత ఫోను చేసి చెప్పిందంతా కోడలిని కాపాడటానికే చెప్పిందని అతను నమ్మాడు. ఇప్పటికీ అలాగే నమ్ముతున్నాడు. అతన్ని నమ్మించడానికి తారామణి ప్రయత్నించలేదు. అత్త కోపం పోయినా, తడి బండల మీద నుంచి ఆమె చూసిన చూపు పోలేదు. ఎన్నిసార్లు లెక్క వేసుకున్నా, ఆ మధ్యాహ్నం ఎడమవైపు తిరిగి పడుకుని ఉంటే సరిపోయేది అన్న దగ్గరే ఆగిపోయేది.

జీవన్ పెళ్లి చేసుకుని, మాదాపూర్‌లో మంచి ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు తన తర్వాత వచ్చినతనికి, తారక్క సిస్టమ్ సౌండు మాత్రం కదిలించొద్దని ఒట్టు వేయించుకున్నంత పని చేశాడు. అతనికి ఇప్పటికీ తెలియదు. మరో రెండేళ్లు తారామణి ఒక చెవితోనే ఆ పని చేసింది. ఖాళీ గీతలు కొంచెం పెరిగాయి. తర్వాత మనిషి మాట విని కంప్యూటరే టైపు చేసే పద్ధతి వచ్చింది. ఆఫీసులో మనుషులు పలచబడి, చివరికి మూతపడింది. తెలంగాణ వచ్చిన ఏడాదికి ఆమె ఉప్పల్‌లో ఒక జిరాక్స్ షాపులో అర్జీలు టైపు చేస్తోంది. వచ్చినవాళ్లను కుడివైపు స్టూలు మీదే కూర్చోమంటుంది. కొందరు అదేదో పొగరనుకుంటారు.

ఆమెకు చీకటి అన్నా రోడ్డు అన్నా భయం లేదు. కుడి చెవి గురించే భయం. రోజూ పొద్దున మెలకువ రాగానే, కళ్లు తెరవకుండానే, కుడి చెవి పక్కన బొటనవేలూ చూపుడువేలూ కలిపి మెల్లగా రాస్తుంది. ఎండుటాకు నలిగినట్టు సన్నటి చప్పుడు వస్తుంది. అది వినపడ్డాకే లేచి కూర్చుంటుంది.